కాజాల వదిన, మూడో గొయ్యి

సరే, ఎక్కడ ఆగాం? టీవీ వెనకాల పసుపుపచ్చ రంధ్రం లేదన్నచోట. నేనా మాట అనడం, మీరు పొయ్యి మీద పాలున్నాయంటూ లేచిపోవడం ఒక్కసారే జరిగాయి. పాలు పొంగాయో లేదో నాకు తెలీదు. కథ మాత్రం సగంలో ఉండిపోయి నిన్నటి నుంచి నాకు కడుపుబ్బరంగా ఉంది. కూర్చోండి, మొదటి నుంచీ చెప్తాను. మధ్యలోంచి అందుకుంటే నాకే తికమక.

మా కింది వాటాలో ఉండే ఆవిణ్ణి వీధి వీధంతా కాజాల వదిన అంటుంది. ఆవిడకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా వదిననే అంటారు, ఆ పిలుపు అలా అతుక్కుపోయింది. కాజా అంటే గుండీ దూరే చిల్లు, దాని చుట్టూ వేసే కుట్టు. చొక్కాలకైతే మిషను టకటకా కుట్టి పారేస్తుంది. మంచి కోటుకి మాత్రం చెయ్యే కావాలి. పట్టుదారం తీసుకుని ఒక్కో చిల్లు చుట్టూ డెబ్భై ముళ్ళు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, పాలపళ్ళ వరసలా. అందులో ఒక్క ముడి వదులైనా గుండీ పెట్టిన ప్రతిసారీ కాజా నోరెళ్ళబెడుతుంది.

మా వీధి చివర కోటు మాస్టారి దుకాణం ఉంది. ఆయన కత్తిరిస్తాడు, ఆయన దగ్గర ఇద్దరు కుడతారు, కాజాలు మాత్రం ఇరవై ఏడేళ్ళుగా వదిన చేతిమీదుగా వెళ్ళాల్సిందే. మాస్టారు మాటని కూడా టేపు పెట్టి కొలిచి కత్తిరించే రకం. ఇన్నేళ్ళలో వదిన పని ఆయన మెచ్చుకున్నది రెండుసార్లట. రెండుసార్లూ "ఊఁ" అన్నాడట. ఆ రెండు ఊఁలూ ఏ నెలలో, ఏ కోటుకో వదిన ఇప్పటికీ చెప్తుంది.

ఇంత పనిమంతురాలు పొద్దున్నే సూది పట్టేముందు ఏం చేస్తుందో తెలుసా? వీడియో గేమ్ ఆడుతుంది.

నవ్వకండి. నేను నవ్వినందుకు నా జాకెట్టు హుక్కులు రెండు వారాలు కుట్టకుండా కూర్చోబెట్టింది.

వాళ్ళమ్మాయి చిన్నప్పుడు కొన్న డబ్బా అది. పైన క్యాసెట్ గుచ్చాలి, బొమ్మ రాకపోతే తీసి ఉఫ్‌ఫుమని ఊది మళ్ళీ గుచ్చాలి. ఆ పిల్ల నెల్లాళ్ళు ఆడి వదిలేసింది, తల్లి పట్టుకుంది. గొడుగు పట్టుకున్న బుడ్డోడు ఒకడు తెరమీద ఎడమ నుంచి కుడికి పరిగెడుతుంటాడు. దారిలో గోతులు. సరిగ్గా అంచుకొచ్చాక మీట నొక్కి వాడిచేత దూకించాలి. మొదటి గొయ్యి నాలాంటి వాళ్ళు కూడా దాటించేస్తారు. రెండోదానికి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మూడో గొయ్యి ఉంది చూశారూ, రెప్పపాటు ముందు నొక్కినా పోయాడే, రెప్పపాటు ఆలస్యమైనా పోయాడే.

వదినకి అదే పరీక్ష. రోజుకి ఒక్క ఆట, ఒక్క ప్రాణం. మూడో గొయ్యి దాటించిందా, ఆ రోజు వేళ్ళు బావున్నట్టు, పట్టుదారం తీసి కోటు ఒళ్ళో పెట్టుకుంటుంది. దాటలేదా, ఆ రోజు హుక్కులూ, బొత్తాలూ, ప్యాంటు అంచులూ. ఒంట్లో నలతగా ఉన్నా, ఇంట్లో మాటామాటా వచ్చినా ఆ బుడ్డోడు ఇట్టే పట్టేస్తాడంటుంది. మనం థర్మామీటర్ చూసుకున్నట్టు ఆవిడ వాణ్ణి చూసుకుంటుంది.

వాడికి ఆవిడ పెట్టిన పేరు అల్లుడు. కూతురు పలక పట్టుకుని తిరిగే రోజుల్లో పెట్టిన పేరు, అప్పుడెవరికీ ఇబ్బంది లేకపోయింది. తర్వాత నిజం అల్లుడు వచ్చాడు. పాపం ఆయన మొదటిసారి తలుపు తోసుకుని వస్తుంటే లోపల్నించి అత్తగారి గొంతు, "హమ్మయ్య, అల్లుడు ఇవాళ గోతిలో పడలేదు" అని. బుద్ధిమంతుడు. కింద చూసుకుని, గడప చూసుకుని, ఆచితూచి అడుగేశాడట.

ఆ నిజం అల్లుడే ఈమధ్య ఒక ఆదివారం కొత్త టీవీ తెచ్చాడు. గోడకి క్యాలెండర్‌లా అతుక్కుపోయేది. వెనక మూపురమున్న పాత టీవీని వదిన ఎదురు సందులో ఇస్త్రీ ఆయనకి ఇచ్చేసింది. కొత్తదాన్ని బిగించినతను అటు వెళ్ళాక తెలిసింది, ఆటడబ్బా నుంచి వచ్చే పసుపు, తెలుపు వైర్లకి ఇందులో చోటే లేదని. దాంతో నన్ను పిలిచింది, చదువుకున్నదాన్ని కదా అని.

నేను ముప్పై నాలుగేళ్ళు సోషలు చెప్పాను. ఏ నది ఎక్కడ పుట్టి ఎందులో కలుస్తుందో నిద్రలో అడిగినా చెప్తాను. వైర్ల సంగతి నాకేం తెలుసు? తెలీదని ఒప్పుకుంటే టీచర్నెలా అవుతాను? కాగితం తెమ్మని టీవీ వీపుకి పటం గీశాను. ఉత్తరాన కరెంటు, తూర్పున కేబులు, ఆగ్నేయంలో సన్నటి పలక నోళ్ళు మూడు. గుండ్రటి పసుపు రంధ్రం ఏ దిక్కునా లేదు. ఆ పటం పట్టుకుని ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్తే, కొట్టాయన దానివంక చూడనైనా చూడకుండా అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. ఒకవైపు రంగుల రంధ్రాలు మూడు, రెండోవైపు పలక నోరు. నాలాంటి వాళ్ళు రోజుకి నలుగురొస్తారట. పటం మడిచి పర్సులో పెట్టుకున్నాను, రంగులు కూడా వేశాను మరి.

బిగించాం. బొమ్మ వచ్చింది. కాకపోతే టీవీ వెడల్పుకి సాగి అల్లుడు గుండ్రంగా ఉన్నాడు. "అత్తారింటి తిండి పట్టింది" అంది వదిన. ముగ్గురం తెగ నవ్వుకున్నాం. మూడోమనిషి ఎవరంటే వదిన పెనిమిటి, బస్సు అన్నయ్య. జీవితమంతా బస్సు నడిపి రిటైరైనాయన.

ఆ నవ్వు మర్నాటికి లేదు. మొదటి గొయ్యి దాటాడు. రెండోదాని అంచున కాలు తగిలి ఎలాగో దాటాడు. మూడోదాంట్లో బుడుంగున పడ్డాడు. పోనీలెమ్మని వదిన ఆ రోజు హుక్కులు కుట్టుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వారం రోజులు హుక్కులే. ఇంట్లో లాయరు గారి నల్లకోటు ఉంది, నలుపు మీద నలుపు దారం, అంతకన్నా కష్టమైనది లేదు. పరీక్ష తప్పినా ఎనిమిదో రోజు తెగించి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఒక కాజా కుట్టింది. రెండోది కుట్టి విప్పింది, మళ్ళీ కుట్టి మళ్ళీ విప్పింది. నాకు చూపిస్తే రెండూ ఒకలాగే ఉన్నాయి. నాకు అన్నీ ఒకలాగే ఉంటాయనుకోండి.

"చెయ్యి మందగించింది టీచరూ," అంది. "అల్లుడు అబద్ధం చెప్పడు."

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉన్నానా? అరవై దాటాక కళ్ళూ, కాళ్ళూ, వేళ్ళూ ఒక్కొక్కటే సెలవు చీటీ రాస్తాయని, మా హెడ్మాస్టరు గారికి సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి ఎలా వణికేదో కళ్ళకు కట్టినట్టు చెప్పి, వేలితో గాల్లో వణికించి కూడా చూపించాను. "వయసు వదినా, వయసు" అని పైన ఒక ముక్తాయింపు. ఆ సాయంత్రం వదిన పైకొచ్చి సూదుల డబ్బా నా చేతిలో పెట్టింది. వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ కూడా అందులోనే ఉంది, లోపల ఆవిడ వేలి ఆకారానికి నున్నగా అరిగిపోయి. నీ బొత్తాలు కుట్టుకో అంది. నాకు బొత్తాలు కుట్టడం రాదని లోకమంతటికీ తెలుసు.

ఇంకోమాట కూడా అంది. మాస్టారికి ఫోన్ చేసి ఇక కాజాలు పంపొద్దని చెప్పమంది. ఆ మాట తన నోటితో చెప్పలేదట. నేను చేశాను. చేసినదాన్ని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చుగా? వయసు గురించి పాఠం మొత్తం ఆయనకీ ఒప్పజెప్పాను. పాఠం అయ్యేదాకా అవతల కత్తెర ఆడుతూనే ఉంది. చివరికి "సరే" అన్నాడు. లాయరు గారి కోటు మనిషిని పంపి తెప్పించుకున్నాడు. రెండ్రోజుల తర్వాత తెలిసింది, వచ్చే సోమవారం కాజాలు కుట్టే మిషను చూపించడానికి ఎవరో వస్తున్నారని. ఆ మిషను కొన్నాడంటే ఇక వదిన చేతికి కోటు రాదు, అంతే.

ఇక బస్సు అన్నయ్య సంగతి. ఆ ఆటడబ్బాకి ఒక ప్లాస్టిక్ తుపాకీ ఉంది. తెరమీద కొంగలు ఎగురుతుంటే గురిచూసి కాల్చాలి. ఆయనకి ఏడాదికోసారి ఆ సరదా పుడుతుంది. కొత్త టీవీ మీద కాలిస్తే ఒక్క కొంగా రాలలేదు. గుమ్మం దగ్గర నిలబడి కాల్చాడు, లేదు. కుర్చీలోంచి కాల్చాడు, లేదు. ఆఖరికి తుపాకీ గొట్టం కొంగ పొట్టకి ఆనించి కాల్చాడు. అది రెక్కలు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. డ్రైవరుకి కళ్ళంటే ఏమిటో నాకప్పుడు తట్టలేదు. మర్నాడే ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు అక్షరాల పలక చదివించి, దీపం వేసి చూసి, మీ కళ్ళకి ఏమీ కాలేదు, ఆ అద్దాలే పెట్టుకోండి అన్నాడట. అడుగు వరస చీమ అక్షరాలు కూడా గడగడా చదివాడట. కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "టీచరమ్మా, కళ్ళు బావుంటే కొంగెందుకు చావదండీ?" అన్నాడు, నేనే ఆ కొంగని దాచిపెట్టినట్టు.

అప్పుడు వెలిగింది నాకు. ఆలస్యంగానే అనుకోండి, అయినా వెలిగింది. ముప్పై నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నది ఒక్కటుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే తప్పు రాస్తే వాళ్ళు చూసి రాసినట్టు. క్లాసు క్లాసంతా తప్పు రాస్తే బోర్డు మీద నేనే తప్పు రాసినట్టు. ఒకసారి మ్యాపులో తూర్పూ పడమరా తారుమారుగా గీస్తే, నలభై రెండుమంది సూర్యుణ్ణి పడమట ఉదయింపజేశారు. ఇక్కడ ఆవిడ చెయ్యీ, ఈయన కళ్ళూ ఒకే ఆదివారం నుంచి పాడయ్యాయా? ఆ ఆదివారం ఇంట్లోకి వచ్చిందేమిటి? నా చూపు గోడ మీదకి పోయింది. టీవీ నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

ఇదంతా నిన్న మధ్యాహ్నం. వదిన్ని లేవదీయడం ఒక యజ్ఞమైంది. ఇస్త్రీ ఆయన దగ్గరున్న పాత టీవీ మీద ఆడి చూద్దామంటే, రానంటే రానంది. వీధిలోవాళ్ళ ముందు కూడా గోతిలో పడమంటావా అంది. అన్నయ్యకి కొంగల ఆశ పుట్టింది గనక ఆయనే డబ్బా సంచిలో వేసుకుని ముందు నడిచాడు. వెనక వైర్లు పట్టుకుని నేను, నా వెనక మొహం మాడ్చుకుని వదిన. ఇస్త్రీ ఆయన కొట్టంటే రేకుల కింద ఒక బల్ల, బొగ్గుల పెట్టె, ఉతికిన దుప్పట్ల మూటలు. మూల స్టూలు మీద వదిన పాత టీవీ. పసుపు వైరుకి పసుపు రంధ్రం, తెలుపుకి తెలుపు, పుట్టింటికి వచ్చినట్టు చటుక్కున దూరాయి. నా పటం అవసరం పడలేదు.

వదిన దుప్పట్ల మూట మీద కూర్చుంది. కొంగు దోపుకుంది. క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊదింది, గుచ్చింది. అల్లుడు సన్నగా, ఎప్పట్లా ఉన్నాడు. మొదటి గొయ్యి. రెండో గొయ్యి. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి చూస్తున్నాడు. మూడోదాని అంచుకి వచ్చేసరికి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అల్లుడు అవతలి గట్టున గొడుగు ఊపుకుంటూ పోతున్నాడు. నాలుగోది కూడా దాటాడు. అయిదోది ఉందని మాకెవరికీ తెలీదు, రోజూ మూడోదాని దగ్గరే ఆపేస్తుంది కదా. అదీ దాటాడు.

వదిన ఆట ఆపి కుడిచెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది.

"నాదే," అంది. "నా చెయ్యే టీచరూ."

ఆ తర్వాత అన్నయ్య తుపాకీ పట్టాడు. మొదటి గుండుకే కొంగ రాలింది, తర్వాత వరసపెట్టి రాల్చేశాడు. లెక్క చూసే ఓపిక మాకు లేకపోయింది, ఆయన్ని ఆపే దారీ లేకపోయింది.

మరి కొత్త టీవీకి ఏమొచ్చిందన్నాను. ఇస్త్రీ ఆయన చొక్కా కాలరు మడుస్తూ, "అది బొమ్మని ఇస్త్రీ చేస్తే గానీ బయటికి పంపదేమోనమ్మా" అన్నాడు. హాస్యానికే అన్నాడు. అక్కడికక్కడే టీవీ బిగించినతనికి ఫోన్ చేస్తే అతనూ ఇంచుమించు అదే చెప్పాడు. కొత్త టీవీ లోపలికొచ్చిన ప్రతి బొమ్మనీ సాపు చేసి, మెరుగు పెట్టి, అప్పుడు చూపిస్తుందట. ఆ కాస్త పనికి రెప్పపాటు పడుతుంది. వార్తలు చూసేవాళ్ళకి తెలీదు. మీట నొక్కి దూకించేవాళ్ళకి మాత్రం, అల్లుడు అంచుకొచ్చాడని వాళ్ళు చూసేసరికే వాడు గోతిలో ఉంటాడు. సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఒకటుంది, అది పెడితే ఈ సింగారం చాలావరకు మానేస్తుంది, మీకు చెప్పలేదా అన్నాడు. చెప్పలేదు. తుపాకీ మాత్రం పాత టీవీ మీద తప్ప పనిచేయదట, ఆ వెలుగు వేరట. అంచేత బస్సు అన్నయ్య నిన్న సాయంత్రం నుంచే ఇస్త్రీ కొట్లో హాజరు వేయించుకుంటున్నాడు. ఇస్త్రీ ఆయన ఊరికే కూర్చోనివ్వడుగా, మధ్యమధ్యలో దుప్పటి కొస పట్టిస్తున్నాడు.

ఇంటికొచ్చి గేమ్ మోడ్ పెట్టాం. బొమ్మని పక్కలకి సాగకుండా చేసే మీట కూడా దొరికింది, అల్లుడు చిక్కాడు. ఇవాళ శనివారం పొద్దున ఏడింటికి నన్ను సాక్ష్యానికి పిలిచి మరీ ఆడింది. రెప్పలో సగం ఆలస్యం ఇంకా ఉందట, అది తను సర్దుకోగలదట. మూడో గొయ్యి దాటించి ఆపేసింది. అయిదోది దాటొచ్చుగా అన్నాను. పని పెట్టుకుని ఆటలేమిటి అంది.

పని ఎక్కడుంది? అదే కదా చిక్కు. మాస్టారికి చెప్పమన్నాను. నా సూదుల డబ్బా ఇలా ఇయ్యి అంది. ఇచ్చాను, అందులో సూది ఒక్కటీ కదల్లేదని చూసి ముసిముసిగా నవ్వింది కూడా. మాస్టారి మాట ఎత్తితే మాత్రం కిటికీ తెర అంచు పట్టుకుని దీక్షగా కుట్టేస్తోంది. వద్దని చెప్పించినదాన్ని మళ్ళీ నేనెళ్ళి ఇమ్మని అడగనా అంది. ఇరవై ఏడేళ్ళలో ఆయన్ని ఏదీ అడగలేదట. నువ్వడక్కపోతే సోమవారానికి మిషను వచ్చేస్తుంది వదినా అన్నాను. తల ఎత్తకుండానే అంది.

"తప్పు కుట్టు వేసినవాళ్ళే విప్పాలి టీచరూ. అది మా దుకాణం రూలు."

నేనేం వేశాను అని అనబోయాను. గాల్లో వేలు వణికించి చూపించింది గుర్తొచ్చింది. ఆయనకి ఒప్పజెప్పిన పాఠం గుర్తొచ్చింది. కిటికీ తెర వంక చూశాను. లేత నీలం తెర అది. వదిన సూదిలో ఉన్నది నల్ల పట్టుదారం.

ఇప్పుడు టైము సరిగ్గా పదయింది. ఆయన షట్టరెత్తి, కత్తెర తుడిచి, బల్ల ముందు కూర్చునేసరికి పది దాటి అయిదు నిమిషాలవుతుంది. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. మొదట రెండు పేజీలొచ్చింది, టీవీ పటంతో సహా. మాస్టారి సంగతి తలుచుకుని కొట్టేస్తూ వచ్చాను. ఇప్పుడు మిగిలింది ఇంతే: "వదిన చెయ్యి బావుంది, చెప్పినదాన్ని నేను తప్పు చెప్పాను, లాయరు గారి కోటు పంపండి." ఈ మధ్యలో ముక్క అనడం నాకు అలవాటు లేదు, నలభై రెండుమంది సూర్యుణ్ణి పడమట ఎక్కించిన రోజున కూడా అనలేదు. మీరు కాసేపు మాట్లాడకుండా కూర్చోండి, ఫోన్ ఇలా అందించండి. అయిదు నిమిషాలాగి చేస్తాను.